నీలమ్మ పగలగొట్టిన తాళం

నీలమ్మకు చదువు రాదు. లింగంపల్లికి, కొండాపూర్‌కు మధ్య గుట్టల కింద ఉన్న ఒక ఊరి బడిలో ఆమె ఆయా. మధ్యాహ్నం పిల్లలకు గోధుమరవ్వ ఉప్మా వండిపెట్టేది. రోజూ పొద్దున పిలిచే హాజరు వినీ వినీ యాభై మూడు పేర్లూ వరసగా ఆమె నోటికి వచ్చేశాయి.

1969లో ప్రత్యేక తెలంగాణ ఉద్యమం వచ్చి బళ్లు మూతపడ్డాయి. హెడ్‌మాస్టరు కామేశ్వరరావుది గుంటూరు వైపు. భయపడి, సామాన్ల గదికి తాళం పెట్టి, తాళంచెవి జేబులో వేసుకుని లింగంపల్లిలో రైలెక్కాడు. పదకొండు బస్తాల రవ్వ లోపలే ఉండిపోయింది. పిల్లలు ఏం తింటారని ఎవరూ అడగలేదు.

నీలమ్మ మాత్రం రోజూ బడి వరండాలో నిలబడి పేర్లు పిలిచేది. పిల్లలు వచ్చి ‘హాజర్’ అనేవారు. రానివాళ్ల ఇంటికి పోయి చూసేది. ఒకడికి జ్వరం, ఒకతె మేకల వెంట. రెండో నెలలో పంతొమ్మిదో పేరు, బాలమణి, వరసగా మూడు రోజులు పలకలేదు.

బాలమణికి తొమ్మిదేళ్లు. తల్లి లేదు. తండ్రి సాయిలు గుట్ట మీద క్వారీలో రాళ్లు కొడతాడు. నీలమ్మ అక్కడికి వెళ్లేసరికి ఆ పిల్ల కంకర తట్ట నెత్తిన పెట్టుకుని లారీ వైపు నడుస్తోంది. కాలి బొటనవేలికి కట్టిన పీలిక నెత్తురుతో తడిసింది.

“ఏందిరా సాయిలూ, పిల్లను చంపుతవా?”

“నన్నేం జెయ్యమంటవక్కా? బడి ఉన్నన్ని దినాలు ఒక పూట నువ్వు పెడుతుంటివి. ఈడ తట్ట మోస్తే మేస్త్రి రెండు రొట్టెలిస్తుండు. నువ్వు బువ్వ పెట్టు, రేపే తోలుత.”

ఆమె నేరుగా సర్పంచి రామన్న అరుగు దగ్గరికి పోయి సామాన్ల గది తెరిపించమంది.

“అది సర్కారు సొమ్ము. ఆర్డర్ రావాలె. జర ఓపిక పట్టు,” అన్నాడతను, తమలపాకుకు సున్నం రాస్తూ.

“రవ్వకు పురుగులు పట్టినయ్ పటేలా. వాటికేమన్న ఆర్డర్ వచ్చిందా?”

మళ్లీ గుట్ట ఎక్కి సాయిలు సుత్తి తెచ్చింది. మూడు దెబ్బలకు తాళం ఊడింది. మర్నాడు మధ్యాహ్నం బాలమణి ఆకు ముందు కూర్చుంది. సాయిలు మాట నిలబెట్టుకున్నాడు. నీలమ్మ పురుగుల రవ్వను జల్లించి, ఒక్కో పిల్లకు పిడికెడు లెక్కన వానాకాలం దాటించింది.

బడి మళ్లీ తెరిచిన రోజున యాభై ముగ్గురిలో బాలమణితో కలిపి యాభై ఒక్కరు వచ్చారు. కామేశ్వరరావు కూడా వచ్చాడు. ఊడిన తాళం చూసి గొంతు తగ్గించాడు.

“ఉద్యమం కుర్రాళ్లు పగలగొట్టారని చెప్పు నీలమ్మా. ఎవరిదో ఒక పేరు చెబితే చాలు. లేకపోతే నీ ఉద్యోగం పోతుంది. పైకి రిపోర్టు పంపాలి మరి.”

“ఎవల పేరో నేనెందుకు జెప్త సార్? నేనే పలగ్గొట్టిన. గట్లనే రాయండ్రి.”

ఆయన కలం తీశాడు. ఏ రోజు, ఎన్ని గంటలకు, దేనితో, ఎన్ని బస్తాలు అని అడిగాడు. అన్నిటికీ జవాబు చెప్పింది.

“తాళం గురించి ఇన్ని అడిగినరు. పిల్లలెట్ల బతికిన్రని ఒక్క మాట అడగకపోతిరి.”

ఆ మాట ఆయన రాయలేదు. నెల తిరక్కుండా నీలమ్మను పనిలోంచి తీసేశారు. కాగితంలో ఉన్న కారణం ఒక్కటే: ప్రభుత్వ తాళం పగలగొట్టడం.