జూలియా చదవని మాటలు

కోలారు బంగారు గనుల దగ్గర కోరమండల్‌లో, గని కార్మికుల పాత ఇళ్ల వరుసలో జూలియా ఇల్లు. తాత, తండ్రి ఇద్దరూ గనిలో దిగినవాళ్లు. ఆమె మాత్రం ముందు గదిలో కంప్యూటరు పెట్టుకొని, ఒక ఇన్సూరెన్స్ కంపెనీ తరఫున పాలసీదారులకు ఉత్తరాలు రాసే తొమ్మిది మంది టీముకు పెద్దగా ఉండేది. ఒక్కొక్కరూ ఒక్కో ఊళ్లో ఇంటి నుంచే పనిచేసేవాళ్లు. నాలుగేళ్లలో ఒకరి మొహం ఒకరు తెరమీద తప్ప చూసుకోలేదు.

నిరుడు కంపెనీ వాళ్లకు ఏఐ తెచ్చిపెట్టింది. ఎవరు ఏ భాషలో రాసినా ఉత్తరాలను అది సాఫీ ఇంగ్లీషులోకి మార్చేది; టీమువాళ్లు జూలియాకు పంపే సందేశాలను రెండు ముక్కల్లో సారాంశం చేసి చూపేది. ఎవరి పని ఎలా ఉందో వారం వారం రిపోర్టు కూడా అదే ఇచ్చేది. ఇంగ్లీషుకు జంకే జూలియాకు ప్రాణం లేచివచ్చినట్టయింది. మీటింగులు తగ్గాయి, ఫోన్లు ఆగిపోయాయి. పని పెరిగిందని పైవాళ్లు మెచ్చుకున్నారు.

టీములో ఆదినారాయణప్ప అనే అతనిది ముళబాగిలు దగ్గర కురుడుమలె ఊరు. ఫిబ్రవరిలో అతని పని వెనకబడిందని రిపోర్టు చెప్పింది. హెచ్చరిక ఉత్తరం ఏఐ రాసిపెట్టింది. జూలియా పైపైన చూసి పంపేసింది. మార్చిలో రెండోది పంపింది. ఆ తర్వాత అతను పనిలోకి రాలేదు.

అతని పేరు తీసేయమని పైనుంచి చెప్పినప్పుడు ఆమె పాత సందేశాలు తెరిచింది. జనవరి నాటి సారాంశం ఇలా ఉంది: పనివేళల్లో సడలింపు కోరుతున్నారు, అత్యవసరం కాదు. దానిమీద నొక్కితే అతను రాసిన అసలు మాటలు వచ్చాయి.

"అమ్మకి కిడ్నీలు పోయినాయి మేడం. వారానికి మూడు తూర్లు కోలారు ఆస్పత్రికి పిల్చుకొని పోవాల. ఇంట్లో ఇంగ ఎవురూ లేరు. ఏం చేయాల్నో తెలీడం లే. ఒక్కసారి ఫోన్ చేస్తారా?"

మరునాడు పొద్దున జూలియా బస్సెక్కి, ముళబాగిలు మీదుగా కురుడుమలె వెళ్లింది.

ఆదినారాయణప్ప ఆవులకు మేత వేస్తున్నాడు. ఆమెను గుర్తుపట్టి, మంచం వాల్చి కూర్చోమన్నాడు. అమ్మ పోయి నెల కావస్తోందని చెప్పాడు. తాను చేసిందేమిటో జూలియా దాచకుండా చెప్పింది.

"మీరు చదివినారనే అనుకొన్నానమ్మా," అన్నాడతను. "చదివి కూడా ఆ కాగితం పంపినారే అని మనసులో ఉండిపోయింది."

"చదవలేదప్పా. చదవాల్సింది నేనే."

అతను కోపపడలేదు. మజ్జిగ తెచ్చిచ్చాడు. మళ్లీ పనిలోకి తీసుకొనేలా చూస్తానంటే మాత్రం వద్దన్నాడు. ఊళ్లోనే పాల డెయిరీలో చేరుతున్నాడట.

తిరిగొచ్చాక జూలియా, ఆ రెండు హెచ్చరికలూ తన తప్పేనని పైవాళ్లకు తన సొంత ఇంగ్లీషులో రాసింది. అతని రికార్డులోంచి వాటిని తీసేశారు. ఆమెకు రావలసిన ప్రమోషన్ మాత్రం రాలేదు.

ఇప్పుడామె రోజూ పొద్దున టీములో ఇద్దరికి ఫోన్ చేస్తుంది. మొదటివారం చాలామంది పని సంగతులే చెప్పారు. బంగారుపేటలో ఉండే శశికళ మాత్రం తన బిడ్డకు మూడేళ్లు నిండినా ఇంకా మాటలు రాలేదని చెప్పింది.