ఆపరేషన్ పొద్దున గ్లాసుడు పాలు

అలివేలు మొదటి గెలుపు ఇంగ్లీషు పరీక్ష. ఆస్ట్రేలియాలో నర్సుగా పేరు నమోదు కావాలంటే అది గట్టెక్కాలి. మూడుసార్లు రాయడం దగ్గరే అర మార్కుతో పోయింది. నాలుగోసారి పాసైంది. అప్పటికి చంకలో ఎనిమిది నెలల పిల్ల. ఆ తరవాతవన్నీ వరసగా వచ్చాయి: వృద్ధాశ్రమంలో నాలుగేళ్ల ఉద్యోగం, మెల్‌బోర్న్‌లో ఒక ఆసుపత్రి ఆపరేషన్ థియేటర్లో మత్తు డాక్టరు పక్కన నిలబడే నర్సు పని, ఆ పని చేస్తూనే మాస్టర్సు, దాని మీద డాక్టరేటు. అదీ పుస్తకాల డాక్టరేటు కాదు, రోజూ చేసే పనినే మెరుగుపరిచి చూపించాల్సిన డాక్టరేటు.

వాళ్లుండే మెల్‌బోర్న్ శివారు క్రెయిగీబర్న్ తెలుగువాళ్లలో ఈ జాబితా తెలియనివాళ్లు తక్కువ. మావగారు శేషాద్రి ఎవరినీ వదల్లేదు మరి. ఊరి హైస్కూల్లో పదో తరగతితో చదువు ఆపి, పోస్టాఫీసులో ముప్ఫై ఆరేళ్లు ముద్రలు కొట్టిన మనిషి. కొడుకు శ్రీకర్ ఏం చేస్తాడని అడిగితే కంప్యూటరేదో అనేవాడు. కోడలి సంగతి మాత్రం తారీఖులతో సహా చెప్పేవాడు. ఒక్కటి దాటేసేవాడు: ఆ డాక్టరేటు ఎక్కడ పుట్టిందన్నది.

నాలుగేళ్ల కిందట ఆయనకు హెర్నియా ఆపరేషన్. ఆసుపత్రి ఉత్తరం చదివి, పొద్దున ఉపవాసం ఉండాలట నాన్నా అన్నాడు శ్రీకర్. శేషాద్రికి ఉపవాసం కొత్తా? నలభై ఏళ్లుగా శనివారాలు ఉంటున్నాడు. అన్నం ముట్టడు. గ్లాసుడు పాలు, ఓ అరటిపండు, అంతే. ఆ రోజూ అలాగే కానిచ్చాడు. బయల్దేరేముందు అలివేలు, "మావయ్యగారూ, ఏమీ తినలేదు కదా?" అని అడిగింది. "ఉపవాసంలో ఏం తింటానమ్మా" అన్నాడు.

ఆసుపత్రిలో ఇంకో నర్సు ఫోన్లో దుబాసీని పెట్టి, పాలు తాగారా అని విడిగా అడిగింది. తాగానన్నాడు. ఆపరేషన్ ఆగిపోయింది. కడుపులో పాలుండగా మత్తిస్తే అవి పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి పోవచ్చునని, ప్రాణం మీదికి వస్తుందని ఇంటికొచ్చాక అలివేలు నెమ్మదిగా చెప్పింది. ఒక్క మాట కూడా అనలేదు. మరుసటి నెల ఆపరేషన్ అయిపోయింది గానీ, ఆ మాట అనకపోవడమే ఆయనకు గుచ్చుకుంది.

ఆమె పరిశోధనకు అదే విషయమైంది. మన పెద్దవాళ్లు ఆపరేషన్ పొద్దున ఏం తీసుకుంటున్నారు, ఎలా అడిగితే నిజం చెబుతారు? ఆపరేషన్ అయినవాళ్లు ముప్ఫైమంది మనసు విప్పి చెప్పాలి. యూనివర్సిటీ రెండుసార్లు గడువు పొడిగించింది. నిరుడు జూన్ ఆఖరుకి ఆ ముప్ఫైమందీ పూర్తి కాకపోతే పేరు కొట్టేస్తామంది. ఏప్రిల్ దాటినా దొరికింది పదకొండుమంది. పదకొండుమందీ ఒకటే మాట: ఏమీ తినలేదమ్మా.

ఒక ఆదివారం సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చి, బూట్లు విప్పకుండానే వంటింటి స్టూలు మీద కూలబడింది అలివేలు.

"ఇంక చాలు శ్రీ. యూనికి విత్‌డ్రా అవుతున్నానని మెయిల్ పెట్టేస్తా."

శ్రీకర్ ఏదో సర్దిచెప్పబోయాడు. కూతురు శ్రీలేఖ తల్లి మెడ చుట్టూ చేతులు వేసి, "డోంట్, మమ్" అంది. పక్కగదిలో శేషాద్రి చేతిలో పేపరు చేతిలోనే ఉండిపోయింది. ఆ పదకొండుమందిలో ఏడుగురు తన బుధవారం స్నేహితులే. వాళ్లెందుకు చెప్పరో ఆయనకు తెలుసు. తానూ చెప్పలేదు కదా.

బుధవారాలు లైబ్రరీ హాల్లో పెద్దవాళ్లు చేరతారు. టీ, బిస్కెట్లు, పేకముక్కలు. ఆ బుధవారం శేషాద్రి ముక్కలు అందుకోకుండా లేచి నిలబడ్డాడు.

"అప్పుడు డాక్టరుగారు సెలవు పెట్టడంతో నా ఆపరేషన్ ఆగిందని మీకు చెప్పాను. అబద్ధం. పాలు తాగాను, అరటిపండు తిన్నాను. కోడలు అడిగితే లేదన్నాను."

ఆకివీడు దగ్గర చేపల చెరువులు చేసిన సుబ్బరాజు ముక్కల మీంచి తల ఎత్తాడు. "తొక్కైనా వదిలేశారాండి?"

హాలంతా నవ్వింది. శేషాద్రి నవ్వలేదు. "రాజుగారూ, మీ మోకాలి ఆపరేషన్ నాడు లేచాక నోట్లో మొదట ఏం పడిందండీ?"

సుబ్బరాజు ముక్కలు బోర్లించాడు. "కాఫీ అండి. కాఫీ తిండెలాగవుద్దండి?"

పక్క బల్ల దగ్గర ఆండాళ్ళమ్మ గొంతు సవరించుకుంది. కంటి ఆపరేషన్ నాడు ఆవిడ దేవుడికి నైవేద్యం పెట్టిన జీడిపప్పు నాలుగు పలుకులు నోట్లో వేసుకుందిట. ప్రసాదం లెక్కలోకి వస్తుందనుకోలేదంది. ఇంకొకాయన మజ్జిగ. ఇంకొకావిడ చద్దన్నం, అదీ బీపీ మాత్ర వేసుకోవాలి గనక. టీ చల్లారిపోయింది గానీ చెప్పేవాళ్లు తగ్గలేదు.

బస్సు టైముల కాగితం వెనక పేర్లు రాసుకుని తెచ్చి కోడలి ముందు పెట్టాడు శేషాద్రి. ఆమె ఒక్కొక్క పేరూ చూసి, "వీళ్లలో చాలామందిని నేనూ అడిగాను. మీరేమని అడిగారు మావయ్యగారూ?" అంది.

"తిన్నారా అంటే తినలేదనే అంటారమ్మా. పాలు తిండి కాదు, ప్రసాదం తిండి కాదు. లేచాక నోట్లో మొదట ఏం పడిందని అడుగు."

ఆమె అదే మాట రాసుకుంది. యూనివర్సిటీ అనుమతితో ప్రశ్న మార్చింది. జూన్ ఇరవై నాలుగుకి ముప్ఫై నాలుగుమంది చెప్పారు.

ఈ ఆగస్టులో, ఆమె పరిశోధన ఒప్పుకున్నామంటూ పరీక్షకుల ఉత్తరం వచ్చింది. ఆ శనివారం అలివేలు పదకొండింటిదాకా ఒళ్లు తెలియకుండా నిద్రపోయింది. ఇంట్లో ఎవరూ మిక్సీ వేయలేదు. తలుపు దగ్గర ఆమె చెప్పులు చూడగానే గుండెల మీంచి బండ దిగినట్టయింది శేషాద్రికి. ఆ పాల గ్లాసు ఇప్పుడు కోడలి గెలుపుల జాబితాలో చేరింది. దాన్ని ఆయన దాటేయడం లేదు.

ఆమె థియేటర్లో పేషెంటును అడిగే మొదటి ప్రశ్న ఇప్పుడు, లేచాక నోట్లో మొదట ఏం పడిందన్నదే. ఆ పద్ధతి తమవాళ్లకూ నేర్పమని ఎక్కడో దూరాన మిల్డూరా ఊరి వైపు నుంచి ఒక చిన్న ఆసుపత్రి పిలిచింది. ఆరు వారాల పని మీద వెళ్లింది. సుబ్బరాజు రోజూ అడుగుతున్నాడు, డాక్టరమ్మ ఎప్పుడొస్తారండి అని. శేషాద్రి క్యాలెండరు చూడకుండానే చెబుతున్నాడు: నవంబరు పద్నాలుగు, శుక్రవారం.