చావు లేని పుస్తకాలు

నేను ఉద్యోగ విరమణ చేయడానికి మూడేళ్ల ముందు, వానాకాలం మొదట్లో, నాకొక అదనపు పని అప్పగించారు. అప్పుడు నేను కాశీబుగ్గలో శాఖా గ్రంథాలయం అటెండరును. వారానికి రెండు మధ్యాహ్నాలు పలాసలో ఒక ఆసుపత్రి డయాలసిస్ వార్డుకు పుస్తకాలు పట్టుకెళ్లాలి. రోగులకిచ్చి, చదివినవి వెనక్కి తేవాలి. కాగితం మీద దీన్ని విస్తరణ సేవ అన్నారు. ఉత్తర్వు గ్రంథపాలకుడి పేరున వచ్చింది, సంచి నా భుజానికి వచ్చింది. మా గ్రంథాలయం పొద్దున్నా సాయంత్రమూ తెరిచి మధ్యాహ్నం మూసేది కాబట్టి వేళ కుదిరింది.

నా చదువు సంగతి ముందే చెప్పేస్తాను. మాది టెక్కలి దగ్గర రావివలస, వ్యవసాయం ఇల్లు. ఏడో తరగతితో బడి మానిపించారు. మా ఆయన ఈ గ్రంథాలయంలోనే అటెండరుగా ఉంటూ చనిపోతే, కారుణ్య నియామకం కింద నన్ను తీసుకున్నారు. పుస్తకాన్ని కూడబలుక్కుని చదువుతాను గానీ ఒక నవల పూర్తి చెయ్యడానికి నాకో నెల పట్టేది. అయితే చెవిన పడ్డ మాట మరిచిపోను. పుస్తకం తిరిగి ఇచ్చేవాళ్లను ఎలా ఉందని అడగడం నాకు మొదటినుంచీ అలవాటు. వాళ్లు చెప్పింది గుర్తుపెట్టుకుని తర్వాత వచ్చినవాళ్లకు చెప్పేదాన్ని. ఇంట్లో పిల్లలకు కథ చెప్పినట్టే అది కూడా. అలా మా బీరువాల్లో ఉన్న పుస్తకాల్లో సగం నేను చదవకుండానే నాకు తెలుసు.

డయాలసిస్ అంటే ఏమిటో తెలియనివాళ్లకు రెండు ముక్కలు. మూత్రపిండాలు పనిచెయ్యనప్పుడు ఒంట్లో నెత్తురును బయటికి తీసి, యంత్రంలో కడిగి, మళ్లీ లోపలికి పంపుతారు. ఒకసారికి నాలుగు గంటలు పడుతుంది, వారానికి రెండు మూడుసార్లు తప్పదు. సూదులు గుచ్చిన చెయ్యి కదపకూడదు. రెండో చెయ్యి ఖాళీగా ఉంటుంది. ఆ ఖాళీ చేతిలోనే మా పుస్తకం. వైద్యం ఆపితే మనిషి ఎక్కువ రోజులుండడు. మా ఉద్దానం ప్రాంతంలో ఈ జబ్బు లేని వీధి లేదు, దీని గురించి వేరే చెప్పక్కర్లేదు.

వార్డు ఇన్‌ఛార్జి సిస్టర్ సునీత మొదటి రోజే నన్ను పక్కకు పిలిచి ఒక నియమం పెట్టింది. అట్టలు స్పిరిటుతో తుడిచి ఇవ్వాలన్నది చిన్న సంగతి. పెద్ద సంగతి వేరే ఉంది. అంతకుముందు ఎవరో తెచ్చిపెట్టిన నవల చదువుతూ ఒకామె ఏడ్చిందట, బీపీ పడిపోయి యంత్రం కూత పెట్టిందట. ఆమె తర్వాత రెండు వాయిదాలు డయాలసిస్‌కు రాలేదట.

“అమ్మా, చావు ఉన్న పుస్తకం ఈ గుమ్మం దాటకూడదు. మంచి పుస్తకమైనా సరే” అంది సిస్టర్.

వినడానికి తేలికగానే ఉంది. బీరువా ముందు నిలబడితే తెలిసింది కష్టం. డిటెక్టివ్ నవలలో మొదటి పేజీలోనే శవం. పురాణాల్లో ఒక్కో యుద్ధానికి ఒక్కో సైన్యం పోతుంది. మహనీయుల జీవితాలకైతే ఆఖరి అధ్యాయం ఎలాగూ ఉంటుంది. జ్యోతిషం పుస్తకాలు సిస్టరే వద్దంది, ఆయుర్దాయం లెక్కలు చూసుకుంటారని. మిగిలినవాటిలో ఏది పనికొస్తుందో చదివి తేల్చే శక్తి నాకు లేదు. అందుకని గ్రంథాలయానికొచ్చే పాఠకులను అడగడం మొదలుపెట్టాను. పుస్తకం ఎలా ఉంది అన్న పాత ప్రశ్న వదిలేసి, ఇందులో ఎవరైనా చనిపోతారా అని అడిగేదాన్ని. మొదట్లో నవ్వారు. తర్వాత అలవాటుపడి, పుస్తకం బల్లమీద పెడుతూనే “సావు నేదప్పా” అనో, “ఆఖర్న అత్తగారు పోద్ది, పోయినా పర్లేదు” అనో చెప్పేవారు. అప్ప అంటే మా వైపు అక్క.

అలా ఏరుకున్న పుస్తకాల మీద వార్డులో వచ్చినలాంటి అభిప్రాయాలు నేను మరెక్కడా వినలేదు. అందరికంటే ఎక్కువమంది అడిగింది వంటల పుస్తకం. ఉప్పు వద్దు, చింతపండు వద్దు, నీళ్లు కొలిచి తాగాలి అన్న మనుషులు ఊరగాయల అధ్యాయం దగ్గర గంటసేపు ఆగేవారు. పులిహోరలో ఇంగువ తక్కువ రాశాడని ఇద్దరు వాదించుకున్నారు. కొబ్బరితోట పోగొట్టుకున్న ఒక రైతు తోటల పెంపకం మీద పుస్తకం చదివి, రాసినవాడు చెట్టు కింద నిలబడి రాశాడు, ఎక్కి రాయలేదన్నాడు. బాప్టిస్టు సంఘం పాస్టరుగారి భార్య ఒకామె ఉండేది. యాత్రల పుస్తకం తిరిగిస్తూ ఆమె ఇలా అంది.

“ఊళ్లన్నీ బాగా రాసినారు. ఎక్కడి నీళ్లు ఎలగున్నాయో మాత్రం ఎక్కడా రాయనేదు.”

ఇక పోలయ్య గురించి. వజ్రపుకొత్తూరు వైపు సముద్రపొడ్డు ఊరు, చేపలవేట. ఐదో తరగతి చదివాడు. గుజరాత్ బోట్ల మీద పనిచేసినన్నాళ్లూ తోటివాళ్లకు పేపరు చదివి వినిపించేవాడట, అందుకని అక్షరం బాగా నలిగింది. పుస్తకాన్ని పొట్టమీద నిలబెట్టి, ఎడమచేతి బొటనవేలితో పేజీ తిప్పేవాడు. భార్య దాలమ్మ వరండాలో కూర్చుని ఉండేది. వాళ్ల పెద్దకొడుకు కూడా తండ్రిలాగే గుజరాత్ బోటెక్కాడు. ఆ బోటు తిరిగి రాలేదు, మనుషులూ దొరకలేదు. సరిహద్దు దాటి పరాయి దేశం జైల్లో ఉన్నారని ఒకరంటే, గాలివానలో పోయారని ఒకరన్నారు. అప్పటికే కొన్ని ఏళ్లయింది.

పోలయ్య అందరిలా విసుక్కోకుండా వాయిదా తప్పక వచ్చేవాడు. సిస్టర్ అతన్ని చూపించే మిగతావాళ్లను మందలించేది. ఎందుకలా వస్తాడో ఒకరోజు తనే చెప్పాడు. వేటకెళ్లినవాడు దిగేటప్పుడు ఇంటి మగవాడొకడు ఒడ్డున ఉండాలట. పెద్దోడొచ్చే రోజుకు తను ఉండాలి, అందుకే ఈ సూదులు. తన కోసమైతే ఎప్పుడో మానేద్దునన్నాడు. ఆ మాట నేను సిస్టర్‌కు చెప్పాను. ఆ ఆశ ఎవరూ కదపొద్దమ్మా అంది ఆమె.

నేనిచ్చిన పుస్తకాలు ఆరేడు చదివాక పోలయ్య నన్ను ఆపాడు.

“సెల్లీ, నీ పుస్తకాల్లో ఎవలూ సావరేటి? ఇన్ని ఊళ్లు, ఇంతమంది జనం, ఒక్క ముసలోడికి జొరమైనా రాదు. ఏ లోకంలోవే ఇయి?”

పక్క మంచాలవాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను. సముద్రం ఉన్న పుస్తకం తెమ్మన్నాడు. అంతకుముందు తెచ్చిన ఒక సముద్రం నవలను నాలుగు పేజీలు చదివి పక్కన పడేశాడు, తెప్పను తోసేటప్పుడు ఎవరు ఎటు నిలబడతారో రాసినవాడికి తెలియదని.

మా దగ్గర బెస్తవాళ్ల మీద ఒక పాత నవల ఉంది. అట్ట మారి, కొత్త బైండింగుతో ఉండేది. దాన్ని అప్పుడే చదివి తెచ్చింది పార్వతి. పార్వతి పుట్టిల్లు కూడా పోలయ్య వైపు సముద్రపొడ్డే, కాశీబుగ్గ కోడలు, జీడిపిక్కల కార్ఖానాలో పని. జీడిసొనకు వేళ్లు నల్లబడి ఉండేవి. పేజీలకు మరక అంటకూడదని పుస్తకాన్ని చీరచెంగుతో పట్టుకునేది. ఆమె చదివి బాగుందంటే అది బాగున్నట్టే, అంత నమ్మకం నాకు. ఎవరైనా చనిపోతారా అని అడిగాను. కాసేపు ఆలోచించింది.

“ఎవలూ సావరప్పా. ఒకడు యేటకెల్లి ఇంకా రానేదు. అంతే.”

నాకది సరిపోయింది. సిస్టర్ కూడా అడిగింది, అదే చెప్పాను. అట్ట తుడిచి, గడువు చీటీ మీద తేదీ వేసి పోలయ్యకు ఇచ్చాను.

ఆ నవల కథ నేను తర్వాత నెలరోజులు కూర్చుని చదివాను. అందులో ఏముందో చెప్తాను. ఒక తండ్రి, ఒక కొడుకు. కొడుకు వేటకెళ్లి రాడు. శవం కూడా రాదు. తండ్రి వాడి నూలు వలను గుడిసెలో దూలానికి వేలాడదీసి ఏళ్ల తరబడి ఎదురుచూస్తాడు. వల వేలాడి వేలాడి, ఉప్పుగాలికి కుళ్లి, ఒకనాడు చెయ్యేస్తే పొడిపొడిగా రాలిపోతుంది. ఆ రోజు తండ్రి ఒడ్డుకు వెళ్లి, ఇసుకలో శవానికి బదులు దర్భబొమ్మకు కర్మ చేసి ఇంటికొస్తాడు. పుస్తకం అక్కడితో అయిపోతుంది. చచ్చిపోయాడన్న మాట మొదటినుంచి చివరిదాకా ఎక్కడా లేదు. పార్వతి అబద్ధం చెప్పలేదు.

పోలయ్య దాన్ని రెండు వాయిదాల్లో పూర్తి చేశాడు. మూడోసారి నేను వెళ్లేసరికి పుస్తకం మూసి పొట్టమీద పెట్టుకుని ఉన్నాడు. ఎలా ఉందన్నాను. అంత మెల్లగా అతను మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు.

“ఈ రాసినోడికి తెల్సు సెల్లీ. నూలు వల కుళ్లిపోద్ది. అప్పుడు మనిసికి తెలుస్తాది, ఇంక సూడక్కర్లేదని. ఇప్పుడివన్నీ నైలాను. మా పెద్దోడి వల ఇప్పటికీ కొత్తగానే ఉన్నాది. ఎప్పుడాపాలో మాకు సెప్పేదేటున్నాది?”

జైళ్లలోంచి జనాన్ని వదులుతున్నారట, పేపర్లో వేశారని అన్నాను. తల ఊపాడు. ఆ రోజు పుస్తకం తిరిగివ్వలేదు, ఇంకోసారి చదువుతానన్నాడు. గడువు పొడిగించాను. మా గ్రంథాలయంలో ఏ పాఠకుడైనా ఏ పుస్తకానికైనా ఇచ్చిన అభిప్రాయాల్లో అంత పెద్దది లేదు. ఇంటికి నడుస్తూ నేను సంతోషపడ్డాను కూడా, ఒక పుస్తకం సరైన మనిషికి చేరిందని.

తర్వాతి వాయిదాకు పోలయ్య రాలేదు. ఆ పై వాయిదాకూ రాలేదు. సిస్టర్ ఫోన్ చేస్తే చిన్నకొడుకు ఎత్తి, నాన్న అన్నయ్యకు కర్మ చేశాడని చెప్పాడు. ఆమె నన్ను వెంటబెట్టుకుని బయల్దేరింది. పూండి మీదుగా ఆటోలో వెళ్లాం. దారంతా జీడితోటలు, కొబ్బరితోటలు. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు.

పోలయ్య ఇంటి ముందు నులకమంచం మీద ఉన్నాడు. కాళ్లు వాచి మెరుస్తున్నాయి, ముఖం ఉబ్బింది. చేతిలో కొబ్బరిబొండం. డయాలసిస్ మనిషికి కొబ్బరినీళ్లు విషంతో సమానం, అందులో ఉండే పొటాషియం గుండెను ఆపగలదు. జబ్బు తెలిసినప్పటినుంచి అతను దాని జోలికి పోలేదు. సిస్టర్ లాక్కోబోతే నెమ్మదిగా చెయ్యి పక్కకు తిప్పుకున్నాడు. ఆమె బతిమాలింది, కోప్పడింది, చిన్నకొడుకు ముఖం చూడమంది. అన్నీ విన్నాడు. చిన్నోడు సముద్రం మీదికెళ్లడు, కాశీబుగ్గలో బట్టల కొట్లో ఉంటాడు, వాడికి ఒడ్డున ఎవరూ ఉండక్కర్లేదు అన్నాడు. తర్వాత నన్ను పిలిచి దిండు కింది నుంచి పుస్తకం తీసిచ్చాడు.

“గడువు దాటనేదు, సూసుకో. బాగున్నాదని రాసుకో సెల్లీ. ఇదొక్కటే బాగున్నాది.”

అతను ఆ వారం దాటలేదు. దినం రోజు నేనొక్కదాన్నే వెళ్లాను. దాలమ్మ నన్ను చూసి ఏడవలేదు, కూర్చోమనీ అనలేదు.

“మీ పుస్తకాలు సల్లగుండ. ఇన్నాళ్లూ పెద్దోడి కోసం ఇద్దరం సూసేవోళ్లం. ఇప్పుడు నానొక్కదాన్నే సూడాల” అంది.

కొడుకు కర్మలో ఆమె కూర్చోలేదని, వాడి వల ఇంకా వాళ్లింటి దూలానికే ఉందని పక్కవాళ్లు చెప్పారు. ఇద్దరూ ఒకే ఇంట్లో ఉండి, ఒకరు ఎదురుచూడటం ఆపేశారు, ఒకరు ఆపలేదు.

పార్వతిని ఒకసారి అడిగాను, ఆ నవలలో కొడుకు పోయాడని నాకెందుకు చెప్పలేదని. ఆమె నన్ను వింతగా చూసింది. శవం ఒడ్డుకు రాకుండా ఆ మాట వాళ్ల ఊర్లో ఎవరూ అనరట. అంటే ఆ ఇంటి దీపం మనం ఆర్పినట్టట. రాలేదు అనాలి, అంతే. ఆమెకు నవలలో మనిషైనా ఊళ్లో మనిషైనా ఒకటే. మా రావివలసలో చెరువులో పడ్డా, పాము కరిచినా, మనిషి కళ్లముందే పోతాడు. ఈ తేడా నాకు తెలియదు. తెలిసేలా ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

జరిగింది గ్రంథపాలకుడికి చెప్పాను. సిస్టర్ నియమం అలాగే ఉంది, పని ఆపలేదు. నేను విరమణ చేసేదాకా ఆ సంచి మోశాను. మంచాల మీద మనుషులు మారుతూనే ఉన్నారు, కొందరు పుస్తకం మధ్యలో ఉండగానే మారారు. మూడేళ్లలో ఆ వార్డులో నేను మొదటి రోజు చూసిన ముఖాలు ఒక్కటీ మిగల్లేదు.

చావు లేని పుస్తకమని వేరే ఉండదు. చావును ఒక్కో ఊరు ఒక్కో మాటతో దాచుకుంటుంది కాబట్టి, పాఠకుడు చెప్పింది వినేముందు అతనిది ఏ ఊరో అడగాలి. ఒక పుస్తకం బాగుందో లేదో పదిమంది చెప్పగలరు. అది ఇంకొకరి చేతిలో ఏం చేస్తుందో ఆ పదిమందిలో ఒక్కరూ చెప్పలేరు. మా ఉద్యోగంలో ఆ రెండోదాన్ని తెలుసుకునే పద్ధతి లేదు.