ఇంజను లేని విమానానికి జామీను

"దుప్పటి ఎందుకు చింపినవే?"

"చింపలే అవ్వా, సగానికి కోసిన. బ్యానర్ రాయనీకి."

"కోస్తే చింపినట్టు గాదా? ఇంజను లేని ఇమానానికి నా దుప్పటే దొరికిందా?"

"గద్దకు ఇంజను ఉన్నదా? ఎగుర్తలేదా?"

"గద్దకు రెక్కలున్నయి. నీకేమున్నయి?"

"దానికీ రెక్కలుంటయి అవ్వా, ఇంజను ఒక్కటే ఉండదు. ఎన్నిసార్లు చెప్పాలె నీకు?"

"నువ్వెన్నిసార్లన్న చెప్పు, నేను పంప. ఎండకాలం సెలవులకు పిల్లలు ఇంటికొస్తరు గని, గాల్లకు పోతరా?"

మా మనుమరాలికీ నాకూ గద్వాలలో మా ఇంటి వసారాలో జరిగిన పంచాయితీ ఇది. అప్పటికి మాది ఇంకా పాలమూరు జిల్లానే. నా కొడుకు లారీ మీద పోతే ఎప్పుడొస్తాడో వాడికే తెలియదు. కోడలు మగ్గం ముందు కూర్చుంటే ఇంట్లో దొంగలు పడ్డా తల ఎత్తదు. అందుకని ఆ పిల్లను ఎక్కడికి పంపాలన్నా, వద్దన్నా మాట నాదే. నేను చదివింది మూడో తరగతి. బస్సు మీది బోర్డు చదవగలను, సంతకం చేయగలను. దాన్ని మాత్రం హైదరాబాదులో హాస్టల్లో పెట్టి డిగ్రీ చదివిస్తున్నాం.

అక్కడ అది గ్లైడర్ నేర్పే క్లబ్బులో చేరింది. ముందు నాకేమీ అర్థం కాలేదు. పొడుగు రెక్కల సన్నటి విమానం. దూరాన ఒక యంత్రం తాడును గబగబా చుట్టుకుంటే, ఆ లాగుడుకు గాలిపటం లేచినట్టు లేస్తుందట. పైకి పోయాక తాడు విడిచేస్తారట. ఆ తర్వాత గాలిదే భారం. అప్పటిదాకా వెనుక సారు కూర్చుంటే ఇది నడిపింది. ఆ ఎండాకాలం క్యాంపులో మొదటిసారి ఒక్కదాన్నే పంపుతామన్నారు. దాని ప్రాణమంతా ఆ ఒక్క మాట మీదే ఉంది.

చిక్కల్లా ఏమిటంటే, క్లబ్బులో మనుషులు పలుచబడ్డారు. నేర్చుకున్నవాళ్ళు ఉద్యోగాలకు పోయారు, కొత్తవాళ్ళు రాలేదు. సెలవులకు పోతున్న పిల్లలందరితో సారు మీమీ ఊళ్ళ నుంచి కొత్తవాళ్ళను తీసుకురండి అన్నాడట. ఆడపిల్లలకు ఇంకో నియమం కూడా ఉంది. కనీసం ఇద్దరుంటేనే క్యాంపులో వాళ్ళకు గది తీస్తారు. దీనితో ఉండే పిల్లకు పెళ్ళయి పోయింది. ఇంకో ఆడపిల్ల దొరికితే దీనికి ఆకాశం, దొరకకపోతే మా ఇంటి మిరపకాయల తొడిమలు.

థర్మాకోలుతో చేసిన చిన్న గ్లైడర్ బొమ్మను సంచిలో పెట్టుకొని అది వనపర్తి కాలేజీకి పోయింది, నాగర్‌కర్నూల్ కాలేజీకి పోయింది. మగపిల్లలు ఎగబడి పేర్లు ఇచ్చారు. ఆడపిల్లలు వెనుక నిలబడి అంతా విని పోయారు. నాగర్‌కర్నూల్‌లో ఒక పిల్ల వస్తానందట. తెల్లారి మా పక్కింటి ఫోనుకు ఆ పిల్ల అన్న ఫోన్ చేసి, మా చెల్లె రాదు, మళ్ళా అడగొద్దు అన్నాడు.

దుప్పటి పంచాయితీ ఆ తర్వాతది. గట్టిగా అరిచింది కానీ, అన్నం ముందు కూర్చొని మెతుకులు కెలుకుతూ ఉంది. చిన్నప్పటి నుంచీ పళ్ళెం తుడిచినట్టు తినే పిల్ల. నాకు చూడబుద్ధి కాలేదు.

"ఒక్క ఊరు. నేనూ వస్త. దొరకకుంటే మళ్ళ ఆ మాట ఎత్తొద్దు. తిను" అన్నాను.

తిన్నది.

మా కోడలి పుట్టిన ఊరికి పోయాం. ఆటోకు మైకు కట్టించాం. నా సగం దుప్పటి బడి గోడకు వేలాడదీశాం. "సాయంత్రం బడి కాడ మీటింగు ఉన్నది, కొత్తవాళ్ళను చేర్చుకుంటున్నం, అందరు రావాలె" అని అది వీధివీధినా చెప్పింది. ఎండకు దాని ముఖం కందిపోయింది. నా కొంగు తడిపి నెత్తిన వేశాను.

సాయంత్రం బడి ముందర జాగా లేదు. "అవ్వా, ఎంతమంది వచ్చిండ్రో చూడు!" అని అది నా చేయి గిల్లింది. నేను చూశాను. అందరూ మగవాళ్ళే. అందరి చేతుల్లో భూమి పాసుపుస్తకాలు. విమానం ఎక్కడానికి పాసుపుస్తకం ఎందుకా అని నాకు అనుమానం వచ్చింది.

అది బొమ్మను పైకెత్తి, గాలి వేడెక్కితే పైకి లేస్తుందనీ, ఆ గాలిలో తిరుగుతూ గ్లైడర్ కూడా లేస్తుందనీ చెప్పుకొచ్చింది. ముందు వరుసలో ఒక పెద్దమనిషి తువాలు దులుపుకొని లేచాడు.

"అదంత మంచిగనే ఉన్నది గని బిడ్డా, ఇత్తనం ఏది? మగ పాకెట్లు, ఆడ పాకెట్లు ఎప్పుడిస్తరు?"

"ఏం పాకెట్లు తాతా?"

"పత్తి ఇత్తనం కంపెనీ గాదా మీది?"

మా దిక్కున వానలకు ముందు మైకు కట్టుకొని, బడికి బ్యానర్ కట్టి, కొత్తవాళ్ళను చేర్చుకుంటాం అనేది, మగ విత్తనం ఆడ విత్తనం వేరువేరు పాకెట్లలో ఇచ్చి, భూమి ఉన్న రైతులతో పత్తి విత్తనం పండించుకునే కంపెనీలే. ఇంకెవరు అంటారు? ఆ సంగతి దానికి తట్టలేదు, నాకూ తట్టలేదు.

"ఇమానంతోని మందు కొడ్తరేమో మామా, ఆగు" అన్నాడొకడు. "మందు సంగతి తర్వాత, చాయ గూడ లేదారా" అని ఇంకొకడు. నవ్వుకుంటూ లేచిపోయారు. చూస్తుండగానే బడి ముందర దుమ్ము మాత్రం మిగిలింది.

దాని గొంతు బొంగురుపోయింది. కానీ ఆపలేదు. బోరింగు దగ్గర నీళ్ళు కొట్టుకునే ఆడవాళ్ళ దిక్కు తిరిగి, మైకు పక్కన పెట్టి మామూలుగా చెప్పసాగింది.

"తాడు విడిచినంక సప్పుడే ఉండదు అక్కా. గాలి ఒక్కటే ఇనవడ్తది. కింద చేన్లు మన చీరె గళ్ళ లెక్క అవుపడ్తయి."

ఆ మాట నేను కూడా మొదటిసారి అప్పుడే విన్నాను.

బిందె ఎత్తుకోబోతున్న పిల్ల ఒకతె ఆగింది. ఇంటర్ అయిపోయి ఇంట్లో ఉందట, పత్తిచేలో పువ్వులు గుద్దే పనికి, అంటే మగ పువ్వు పుప్పొడిని ఆడ పువ్వుకు అద్దే పనికి, పోతుందట.

"ఆడోళ్ళను గూడ ఎక్కనిస్తరా?"

"నేను ఎక్కుతలేనా?"

"పైకి పోయినంక భయమైతే?"

"ఎన్క సారు ఉంటడు. నేనైతే మొదటి దినం కండ్లు మూసుకొనే కూసున్న. ఏమి చూసినవ్ అంటే చీకటి చూసిన సార్ అన్న."

ఆ పిల్ల పకపకా నవ్వింది. వాళ్ళమ్మ నవ్వలేదు. తడిచేతులు కొంగుకు తుడుచుకొని నా దగ్గరికి వచ్చింది.

"అత్తా, మాటలు మంచిగున్నయి. దీనికి జామీను ఎవరు?"

ఆ ఊళ్ళో కొత్తవాడికి కంపెనీ విత్తనం ఇవ్వాలంటే, తెలిసినవాడు ఒకడు జామీను ఉండాలి. జామీను లేనిదే ఏ పనీ మొదలు కాదు. ఆమె అడిగింది న్యాయమే.

"క్లబ్బుల సార్లు ఉన్నరు అత్తా" అంది మా పిల్ల.

"వాళ్ళు నాకు ఎరికెనా? నేను మీ అవ్వను అడుగుతున్న. నీ పిల్లను నువ్వు పంపుతున్నవా?"

మా పిల్ల నా ముఖం చూసింది. నేను ఊరికే మాట ఇచ్చేదాన్ని కాదు. అందరి ముందే దాన్ని అడిగాను.

"నిజం చెప్పు. ఒక్కదానివి పైకి పోయి, మంచిగ దిగొస్తవా?"

వెంటనే వస్తానంటే నేను కాదనేదాన్నేమో. అది ఆలోచించింది.

"సారు ఇగ నీకు వచ్చింది అంటేనే పోత అవ్వా. ఇంకా రాలేదంటే మళ్ళ ఆయనతోనే కూసుంట. జిద్దు చెయ్య."

నేను ఆ తల్లి దిక్కు తిరిగాను. "పంపుతున్న. నీ బిడ్డకు నా బిడ్డే జామీను. రేప్పొద్దున గద్వాల నుంచి మొదటి బస్సుకు ఇది పోతది. ఏమన్న అయితే గద్వాలకొచ్చి నా గల్మల, గడప ముందర నిలవడి అడుగు."

"ఇంటాయన్ను అడగాలె" అని ఆమె బిందె ఎత్తుకుంది.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో మా పిల్ల నా భుజం మీద తల పెట్టింది. "బరువున్నవ్, జరుగు" అన్నాను. అది జరగలేదు. నేనూ జరగలేదు.

తెల్లారి పొద్దున గద్వాల బస్టాండులో హైదరాబాదు బస్సు ఎక్కి అది కిటికీ పక్క కూర్చుంది, పక్క సీటు మీద తువాలు వేసి. ఆ పిల్ల రాకపోతే ఇది బస్సు దిగి ఇంటికి రావడమే. డ్రైవరు ఎక్కాడు. అప్పుడు ఊరి ఆటో వచ్చి ఆగింది. ఆ పిల్ల దిగింది, వెనుక తల్లీ తండ్రీ దిగారు. తండ్రి నన్ను ఒకసారి ఎగాదిగా చూసి, సంచి తీసుకుపోయి బస్సులో పెట్టాడు. తల్లి జొన్నరొట్టెల మూట కిటికీలోంచి అందించింది. మా పిల్ల తువాలు తీసింది. కండక్టరు రైట్ అన్నాడు, బస్సు పోయింది.