చెరువొడ్డున బగారన్నం

ఇంటికి పిలుస్తె వాడకట్టంత తెలుస్తది. గుడికి రమ్మంటె నేను మనసిచ్చిన పిలగాని తల్లి రాదు, చర్చికి రమ్మంటె మా అమ్మ రాదు. అందుకే ఇద్దరు తల్లులను చెరువొడ్డు పార్కుకు పిలిచినం. తొంభైలల్ల యూనివర్సిటీల చదువుకుంట, కాలేజీ మెట్లమీద కూసోని మేమిద్దరం ఏసిన ప్లానది. ఏం తెలివో మాది!

కిరస్తానీ పిలగాన్ని చేసుకుంటనంటె అమ్మ అరవలే, ఏడ్వలే. "వాని తల్లిని చూసినంకనే మాట చెప్త" అన్నది. అమ్మ ఊ అంటెనే లగ్గం, లేకుంటె లేదని నేను ఆయనకు ముందే చెప్పిన.

ఐతారం నాడు ఊరి నుంచొచ్చిన అమ్మను తార్నాకల బస్సెక్కించి తీస్కపోయిన. పార్కు గేటు లోపల్నే పూలదండ ఏసిన బండ.

"ఇదెవరి గోరీ బిడ్డా?"

"పెద్ద లీడరు సమాధమ్మా. ఆయన యాదిల కట్టిన పార్కు."

అమ్మ కొంగు తలమీద కప్పుకోని నడిచింది.

ఆయన తల్లి వారాసిగూడ నుంచి పొద్దుగాల్నే వండుకోని, చర్చి కాగానే కొడుకుతోని వచ్చింది. చెట్టు కింద దుప్పటి పరిచి టిఫిన్ డబ్బా ఇప్పితె బగారన్నం, కోడికూర వాసన గుప్పుమన్నది. మొదటి పళ్లెం అమ్మ ముందట్నే పెట్టింది.

అమ్మ చేతులు ఎనక్కి గుంజుకున్నది. "నేను ముట్ట."

ఆయన తల్లి మొఖం చిన్నబోయింది. "మా చేతి కూడు తినరేమో లే" అనుకుంట మూత పెట్టబోయింది. ఆయన చెరువు దిక్కు తిరిగిండు.

"తిననిదానివి ఇంతదూరం ఎందుకొచ్చినవమ్మా?" అని అందరి ముందట్నే ఒర్రిన.

"నోర్ముయ్! సమాధి కాడికి తీస్కొచ్చింది నువ్వు. తానం జెయ్యకుంట ముద్దెట్ల ముట్టాలె?"

ఆయన తల్లి మూత పక్కకు పెట్టి పకపక నవ్వింది. "అయ్యో! మా ఊర్ల మేం గూడ గట్లనే. నాకే యాదికి రాలే. పా, గాడ నల్లా ఉన్నది."

ఇద్దరు పోయి కాళ్లు, మొఖం కడుక్కోని, నెత్తిన ఇన్ని నీళ్లు చల్లుకున్నరు. వచ్చేటప్పుడు నడిమిట్ల ఏం మాట్లాడుకున్నరో, అమ్మ కొంగు అడ్డం పెట్టుకోని నవ్వుతున్నది. కూసోని ముద్ద కలిపి నోట్లె పెట్టుకున్నది. మేమిద్దరం అమ్మ దిక్కే చూస్తున్నం.

"ఉప్పు జర తక్కువైంది, వదినె" అన్నది.

"నీ నాలికకే రుచి లేదు వదినె" అని ఆమె ఇంకో ముక్క ఏసింది.

వదినె! ఇగ లగ్గం ఖాయమైనట్టే. నేను ఏడ్సుకుంటనే కోడికాలు కొరికిన.