ట్యాంకు నిండేలోగా

మొన్న పొద్దున మా ఆఫీసు సెల్లార్‌లో స్కూటీ నిలబెడుతుంటే ఎవరో నీళ్ల మోటారు వేశారు. ముందు గుర్రుమని గొంతు సవరించుకుని, తర్వాత ఒకే స్వరం మీద నిలిచి ఊఁ అంటూ సాగే చప్పుడు. దానికి తడి సిమెంటు వాసన కూడా తోడైంది. హెల్మెట్ తీయడం మరిచిపోయి అక్కడే నిలబడిపోయాను. వెనక కారాయన హారన్ మీద చెయ్యి తీయలేదు. హైటెక్ సిటీలో ఆఫీసు వేళకు పార్కింగ్‌కు అడ్డంగా నిలబడి పాత సంగతులు తలుచుకునే వాళ్లను ఎవరూ క్షమించరు, ఆయన తప్పేం లేదు. కానీ ఆ చప్పుడు చెవిన పడితే ఇప్పటికీ నా వేళ్లు పెన్సిల్ కోసం వెతుక్కుంటాయి. గ్రేస్ టీచర్ చేసిన అలవాటు అది.

అప్పుడు మేం గోపన్‌పల్లిలో ఒక కొత్త అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఉండేవాళ్లం. మా నాన్న రాములు అక్కడ వాచ్‌మన్. అమ్మ పై ఫ్లాట్లలో పని చేసేది. పాలమూరు దిక్కు నుంచి వచ్చిన మమ్మల్ని బిల్డరు ఒక బిల్డింగ్ పూర్తికాగానే ఇంకో బిల్డింగ్‌కు పంపేవాడు. మేం ఎక్కడికి వెళితే నా బడి అక్కడికి మారేది. ఒకటో తరగతి మూసాపేటలో మొదలుపెట్టాను, ఎక్కడ ముగించానో నాకే తెలియదు. మధ్యలో ఒక ఏడాది ఏ తరగతిలోనూ లేను, ఇసుక కుప్పల మీద ఉన్నాను. అప్పట్లో అది సుఖంగానే ఉండేదని ఒప్పుకోవాలి.

గ్రేస్ టీచర్ మూడో అంతస్తులో ఉండేవారు. రాజమండ్రి వైపు మనిషి. భర్త సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేసేవారు, ఆమె దగ్గర్లోని ప్రైవేటు బడిలో లెక్కలు చెప్పేవారు. ఆదివారం తెల్లచీర కట్టుకుని చర్చికి వెళ్లేవారు, అక్కడ పాటలు పాడేవాళ్లలో ఆమెది ముందు వరుస. ఒకరోజు ఆమె బండి ఆపుతుంటే నేను స్తంభం పక్కన నిలబడి, "మేడమ్, మీ బండికి ఏడొస్తది" అన్నాను.

"ఏడేంటమ్మా?"

"నంబర్లన్ని కూడితే. గా ఎర్రకారుకు తొమ్మిది."

ఆమె బండి దిగి నంబర్ ప్లేటు ముందు వంగి, పెదాలు కదుపుతూ కూడుకున్నారు. తర్వాత ఎర్రకారు దగ్గరికి కూడా వెళ్లి చూశారు. నా మాట మీద నమ్మకం లేక కాదు, లెక్క కనిపిస్తే వదిలిపెట్టే మనిషి కాదు ఆమె. ఆ సాయంత్రమే మళ్లీ కిందికి వచ్చి మా నాన్నతో మాట్లాడారు.

"రాములు గారూ, మీ అనిత చేత గురుకులం పరీక్ష రాయిద్దామండి. నాలుగోదేగా చదువుతోంది. ఐదులో సీటొస్తే ఇంటర్ దాకా ఒకేచోట చదువుకుంటుంది."

ఆ బిల్డింగ్‌లో మా నాన్నను 'గారూ' అన్నది ఆమె ఒక్కరే. నాన్న వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని తిరిగి చూశాడు. "వస్తదా మేడమ్, మాసొంటోళ్లకు? ఈ ఎండలు పోతే మమ్మల్ని బాచుపల్లి దిక్కు తోలుతరు. అక్కడ బడి ఉన్నదో లేదో."

"అందుకేనండి చెప్తున్నది. మీలాంటి వాళ్ల పిల్లల కోసమే ఆ బడులు. ఈసారి పోతే దీని చదువు మళ్లీ గాల్లో కలుస్తుంది."

అలా మొదలైంది మా చదువు. రోజూ పొద్దున బడికి వెళ్లేముందు టీచర్ కిందికి వచ్చేవారు. ఆమెకు ఒక ప్లాస్టిక్ కుర్చీ, నాకు సిమెంటు సంచి. బొమ్మను అద్దంలో చూస్తే ఎలా కనిపిస్తుందో గుర్తుపట్టే ప్రశ్నలు నా బుర్రకు ఎక్కేవి కావు. ఆమె నన్ను కార్ల దగ్గరికి తీసుకెళ్లి, పలక మీద అక్షరం రాసి, కారు పక్కద్దంలో చూపించేవారు. ఒకరోజు ఎర్రకారాయన పైనుంచి దిగివచ్చి, వాచ్‌మన్ పిల్ల తన బండి మీద పడుతోందని గొడవ పెట్టాడు. నేను భయపడి స్తంభం చాటుకు పోయాను.

టీచర్ కదల్లేదు. "ఏవండీ, చూస్తే అద్దం అరిగిపోతుందా? పరీక్షకు చదువుకుంటోందండి పిల్ల. అరిగితే చెప్పండి, మా బండిది తీసి ఇస్తాను" అన్నారు. ఆయన గొణుక్కుంటూ కారెక్కాడు. మర్నాటి నుంచి ఆయన బండి పెట్టగానే అద్దాలు మడిచి పైకి వెళ్లేవాడు. టీచర్ రోజూ వాటిని తెరిచి, పాఠం అయ్యాక ఎంతో మర్యాదగా మళ్లీ మడిచి పెట్టేవారు.

నా అసలు జబ్బు వేరే ఉంది. ప్రశ్న నచ్చితే దాని దగ్గరే కాపురం పెట్టేదాన్ని. జవాబు గడిలోని గుండ్రాన్ని నల్లగా దిద్దమంటే ముగ్గుకు రంగు నింపినట్టు కూర్చునేదాన్ని. టీచర్ గడియారం పెట్టి చూశారు. అప్పుడు గడియారాన్నే చూస్తూ కూర్చున్నాను. చివరికి ఆమె దాన్ని పర్సులో పడేసి, "కళ్లకు పేపరుంది కదా, టైమును చెవికి అప్పజెబుదాం" అన్నారు. మా నాన్న పొద్దున మోటారు వేసేవేళకు ఆమె మాదిరి పేపరు ఇచ్చేవారు. బోరు నీళ్లు పైట్యాంకుకు ఎక్కుతున్నంతసేపూ నేను రాయాలి. ట్యాంకు నిండి, పైనుంచి నీళ్లు ధారగా సెల్లార్ వాలు మీద పడగానే ఆమె అరిచేవారు.

"టైమైపోయింది! పెన్సిల్ కింద పెట్టు!"

నాన్న పరుగెత్తి మోటారు ఆపేవాడు. నీళ్లు వృథా అవుతున్నాయని పై వాళ్లు తిట్టకముందే ఆపాలి కదా. కొన్నాళ్లకు నాకు ఆ చప్పుడు మీద పట్టు చిక్కింది. ట్యాంకు నిండేకొద్దీ మోటారు గొంతు కాస్త బరువెక్కేది. అది వినగానే నా చెయ్యి దానంతటదే వేగం అందుకునేది. నీళ్లు పడేలోగా పేపరు పూర్తిచేసిన రోజు టీచర్ మంట పుట్టేలా నా బుగ్గ గిల్లి, "భలేదానివే" అన్నారు.

పరీక్ష దగ్గర పడుతుండగా బోరు ఎండిపోయింది, ఉత్తగా తిరిగిన మోటారు కాలిపోయింది. ట్యాంకర్లు మొదలయ్యాయి, అవి ఎప్పుడొస్తాయో దేవుడికే తెలియాలి. మర్నాడు పేపరు ముందు కూర్చుంటే సెల్లార్ అంతా నిశ్శబ్దం. నేను ఒక్క గుండ్రం కూడా దిద్దలేదు. ఆ మర్నాడూ అంతే. అమ్మకు కోపం వచ్చింది. "మనసు పెడ్తలేదు మేడమ్. రెండు దెబ్బలేస్తే అన్నీ యాదికొస్తయ్."

టీచర్ ఆమె చెయ్యి పట్టుకుని ఆపారు. నన్ను అడిగారు. "ఏమైందమ్మా?"

"మోటారు లేదు కద టీచర్."

ఆమె నుదుటి మీద కొట్టుకున్నారు. "అయ్యో ప్రభువా, పరీక్ష హాల్లో మోటారు ఎక్కడిది! ఈ పని నేనే చేశాను." తర్వాత చీర చెంగు సర్దుకుని, వీపు నిటారుగా పెట్టి, పెదాలు మూసి మొదలుపెట్టారు. "ఊఁ..." చర్చిలో అందరూ మెచ్చుకునే ఆ గొంతు, మా సెల్లార్‌లో కాలిపోయిన బోరు మోటారైంది. ఊపిరి అయిపోతే గుటక మింగి మళ్లీ అందుకునేవారు. నాన్న స్తంభం వెనక్కి పోయి నోట్లో తువ్వాలు కుక్కుకున్నాడు. నవ్వు ఆపుకోవడానికో, మరి దేనికో. నేను మాత్రం నవ్వలేదు. రాశాను.

రెండు రోజులు ఆమె మోగారు. మూడో రోజు, "నా గొంతు పోయిందే తల్లీ. ఇక నీ మోటారు నువ్వే వేసుకో. లోపల్లోపలే, పక్కవాళ్లకు వినబడకూడదు" అన్నారు. పరీక్ష రోజు హాల్లో పేపరు చేతికిచ్చారు. కళ్లు మూసుకుని మోటారు వేసుకున్నాను. మరీ లోపల వేసినట్టు లేను, కాపలా సారు వచ్చి, "ఎవరు ఆ గుయ్ గుయ్ మనేది?" అని గద్దించారు. నేనూ అందరితో పాటు కిటికీలోకి చూశాను, ఏ తుమ్మెదో అన్నట్టు. పేపరు పూర్తయింది.

సీటొచ్చింది. అమ్మ టీచర్ కాళ్లకు దండం పెట్టబోతే ఆమె కోప్పడి పైకి వెళ్లిపోయారు. వానలు పడి, బోరులో నీళ్లు వచ్చి, కొత్త మోటారు బిగించాక నేను అమ్మతో గురుకులానికి బయలుదేరాను. ట్రంకుపెట్టె ఆటోలో పెడుతుంటే టీచర్ కిందికి రాలేదు, మూడో అంతస్తు బాల్కనీలోనే నిలబడ్డారు. నాన్న నా తల నిమురుతూ, "పరేషాన్ గాకు బిడ్డా, నెల తిరిగెటాలకు వస్త" అంటున్నాడు. వేసిన మోటారు సంగతి ఆయనకు గుర్తే లేదు. ట్యాంకు నిండి నీళ్లు ఆమె బాల్కనీ ముందు నుంచే జల్లుగా పడ్డాయి. ఆ నీళ్ల వెనకనుంచి టీచర్ అరిచారు.

"టైమైపోయింది! పెన్సిల్ కింద పెట్టు!"

ఎప్పటి గొంతు కాదది, మధ్యలో విరిగింది. ఆటోవాడికి ఏమీ అర్థం కాలేదు. నేను వెక్కివెక్కి ఏడ్చాను. నాన్న మోటారు ఆపడానికి పరుగెత్తాడు.

అమ్మానాన్నలు ఆ నెలలోనే బాచుపల్లికి మారారు. ఈసారి నా బడి మారలేదు. టీచర్ వాళ్లు తర్వాత రాజమండ్రి వెళ్లిపోయారు. ఫోన్ చేసినప్పుడల్లా, "మోటారు నడుస్తోందా?" అని అడిగేవారు. పోయినేడు ఆమె పోయారు. ఆమెను సాగనంపిన రోజు చర్చిలో అందరూ పాడుతుంటే నాకు ఆ పాటలేవీ రావు, పెదాలు మూసుకుని నాకొచ్చింది పాడాను.

ఆఫీసులో పని చిక్కుపడినప్పుడు పక్క సీటు అమ్మాయి, "ఏం పాట అనితా అది, ఎప్పుడూ ఒకటే పాడతావు?" అంటుంది. టైమైపోయిందని చెప్పవలసిన మనిషి వెళ్లిపోయారు. అందుకే నేను ఇంకా పెన్సిల్ కింద పెట్టలేదు.