కిందికి దిగని గ్రాఫు

మా కంపెనీ పటమటలో ఒక మందుల షాపు పైన ఉండేది. కంపెనీ అంటే రెండు కంప్యూటర్లు, ఒక ప్రింటరు, మా మాస్టారు, నేను. మాస్టారు పాలిటెక్నిక్‌లో నాకు ఇంజనీరింగ్ డ్రాయింగ్ చెప్పినాయన. చదువు అయిపోయి, నర్సుగా చేసే మా అమ్మ జీతం మీద ఇంట్లో పడి తింటున్న రోజుల్లో ఆయనే మా ఇంటికొచ్చి అడిగారు.

"మీ అమ్మాయికి ప్రోగ్రాం రాయడం వచ్చండీ. నాకు బొమ్మ గీయడం వచ్చు. ఇద్దరం కలిస్తే ఏదో ఒకటి అవుద్దండీ" అన్నారు. అమ్మ అక్కడికక్కడే కళ్లు మూసుకుని మా ఇద్దరి కోసం ప్రార్థన చేసి, కాఫీ ఇచ్చి, నన్ను పంపింది.

ఆయన కాలేజీకి మూడేళ్లు సెలవు పెట్టి వచ్చారు. మూడేళ్లలోపు తిరిగి చేరితే ఉద్యోగం ఆయనదే. చేరకపోతే పోయినట్టే. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే చివరికి పోయింది అదే.

ఇది దాదాపు నలభై ఏళ్ల కిందటి మాట. అప్పట్లో కంప్యూటరంటే నల్లటి తెర మీద పచ్చటి అక్షరాలు. వ్యాపారస్తులు తమ అమ్మకాల అంకెలు అందులోకి ఎక్కిస్తే, మా ప్రోగ్రాం వాటిని బొమ్మలుగా గీసి కాగితం మీద అచ్చు వేసేది. నిలువు కడ్డీలు, గీతలు, గుండ్రటి చార్టులు. గుండ్రటి దాన్ని మా కస్టమర్లు అట్టు బొమ్మ అనేవాళ్లు. బొమ్మ కింద పేర్లు తెలుగులో వచ్చేవి. అదే మా గొప్ప. ఒక్కో అక్షరాన్నీ మాస్టారు గళ్ల కాగితం మీద పెన్సిలుతో నింపి ఇస్తే, గడి గడీ చూసుకుంటూ నేను ఎక్కించాను. 'క్ష' కోసం ఇద్దరం రెండు రోజులు పోట్లాడుకున్నాం. నా జీవితంలో అంత సంతోషంగా ఎప్పుడూ లేను. ఆ మాట ఇప్పుడు రాయడానికి కూడా సిగ్గుగా ఉంది.

మొదటి కస్టమరు ఉయ్యూరులో ఎరువుల షాపాయన. ప్రింటరుని ఒళ్లో పెట్టుకుని బస్సులో వెళ్లాం. చెరుకు బళ్ల వెనక మా బస్సు నత్తనడక నడిచింది. షాపులో ఆయన ఏడాది అమ్మకాలు ఎక్కించి, గీత గీయించి, కాగితం చింపి ఆయన చేతిలో పెట్టాను. ఆయన మొహం మాడిపోయింది.

"ఇదేంటమ్మా, ఇలా కిందకి జారిపోయింది?"

"దసరా తర్వాత అమ్మకాలు తగ్గినియ్ కదండీ, అదే చూపిస్తందండీ."

"తగ్గినియ్యని నాకు తెలవదా? తెలిసిందాన్నే గోడకెక్కించి రోజూ చూసుకోమంటావా? లక్ష్మీదేవి ఫొటో పక్కన పెట్టేదమ్మా ఇది. దిగే గీత షాపులో ఉండకూడదు. అమ్మకం లేని నెలలైతే అసలు చూపించనే చూపించమాకు."

గ్రాఫు అనేది చూసి తెలుసుకోవడానికని మేం అనుకున్నాం. ఆయనకి అది అగరొత్తి వెలిగించి దణ్ణం పెట్టుకోవడానికి. వాదించి లాభం లేదు. వారం రోజులు కూర్చుని ప్రోగ్రాంలో ఇంకో రకం గీత కలిపాను. అందులో ప్రతి నెల అమ్మకమూ అంతకుముందు నెలల మొత్తానికి కలుస్తుంది. అమ్మకం లేని నెలలు రావు. కాగితం పైఅంచు దాకా గీత దానంతటదే సాగుతుంది. ఇలా గీస్తే ఎంత దివాలా తీసిన షాపుకైనా గీత ఎక్కాల్సిందే, దిగడానికి దారే లేదు. దానికి 'శుభం' అని పేరు పెట్టాను.

ఎరువులాయన దానికి పసుపు పూసి, బొట్టు పెట్టి, గోడకి తగిలించారు. ఆయన్ని చూసి పక్క షాపాయన, ఆయన బావమరిది, అలా బెజవాడ దాకా పాకింది. మిగతా బొమ్మల మొహం చూసినవాడు లేడు. అందరికీ శుభమే కావాలి. మాస్టారు ఊళ్లు తిరిగి కంప్యూటర్లలో ఎక్కించి వచ్చేవారు, నేను ఆఫీసులో కూర్చుని రాసేదాన్ని. శుభం లోపల ఏం జరుగుతుందో ఆయన అడగలేదు, నేనూ విడమరిచి చెప్పలేదు.

ఆఫీసుకొచ్చే కస్టమర్లకు చూపించడానికని, మా ప్రోగ్రాం కాపీలు ఎన్ని అమ్ముడుపోయాయో ఆ అంకెలతోనే ఒక శుభం గీత అచ్చు వేసి గోడకి అంటించాను. తమాషాకే చేశాను. అమ్మకం జరిగినప్పుడల్లా కొత్త కాగితం. కొన్నాళ్లకి గమనించాను, మాస్టారు పొద్దున్నే వచ్చి చెప్పులు విప్పి, ముందు ఆ గీత చూసి, తర్వాత కుర్చీలో కూర్చుంటున్నారు. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టయింది మా పని.

మూడో ఏడు మౌసుతో నడిచే కొత్తరకం కంప్యూటర్లు బెంజి సర్కిల్ దగ్గర షాపుకొచ్చాయి. వెళ్లి చూశాను. వాటిలో రంగుల గ్రాఫులు గీసే ప్రోగ్రాం ముందే ఎక్కించి ఇస్తున్నారు. పరుగున ఆఫీసుకి వచ్చి మాస్టారికి చెప్పాను.

"అందులో తెలుగు ఉందా?" అన్నారు.

"లేదండీ."

"మరింకేంటమ్మా నీ భయం?"

ఆ ఏడాది మొత్తానికి మేం అమ్మింది మూడు కాపీలు. అందులో ఒకటి కూచిపూడిలో డాన్సు నేర్పే ఒకావిడకి ఊరికే ఇచ్చింది. అయినా గోడ మీద గీత నిక్షేపంగా ఎక్కుతూనే ఉంది. ఖాళీ నెలలు అందులో లేవు కదా.

అప్పుడొచ్చింది కాలేజీ నుంచి ఉత్తరం. సెలవు అయిపోతోంది, ఒకటో తారీఖుకల్లా వచ్చి చేరండి, లేకపోతే ఆ పోస్టులోకి ఇంకొకరిని తీసుకుంటాం అని. మాస్టారు రెండుసార్లు చదివారు. లేచి గోడ దగ్గరికి వెళ్లారు.

"చూడమ్మా, ఎక్కడన్నా దిగిందా ఇది? ఇంత బాగా ఎక్కుతున్నదాన్ని వదిలేసి, పోయి చాక్‌పీసుతో గీతలు గీసుకోమంటారా నన్ను?"

అది ఉత్త గీతేనండీ, దాన్ని నమ్మకండి, అనాలి. మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఆయన వెళ్లిపోతే ఆ గదికి తాళం. నేను మళ్లీ అమ్మ జీతం మీద. ఆయనకి వెనక్కి పోవడానికి ఒక చోటుంది, నాకు లేదు. ఈ లెక్క నా బుర్రలో ఒక్క క్షణంలో తేలిపోయింది.

"దిగలేదండీ" అన్నాను.

ఆయన నా బల్ల మీదే కాగితం పెట్టుకుని రాజీనామా రాశారు. మర్నాడు ఉత్తరం పోస్టులో పడింది.

ఏడాది తిరక్కుండా కంపెనీ మూసేశాం. రాసిన ప్రోగ్రాం చూపించి నేను గవర్నరుపేటలో ఒక ఆఫీసులో ఉద్యోగం సంపాదించాను. రిటైరు కూడా అయ్యాను. మాస్టారు ట్యుటోరియల్‌లో పాఠాలు చెప్పారు, ఇళ్ల ప్లాన్లు గీశారు, పిల్లలకి డ్రాయింగు షీట్లు దిద్దిపెట్టారు. కంప్యూటరు ఆ పనులు కూడా ఒక్కొక్కటే లాగేసుకుంది. ఆయన చోట చేరినాయన ప్రిన్సిపాలై రిటైరయ్యారు. ఆ సన్మానానికి మాస్టారు ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లి చప్పట్లు కొట్టి వచ్చారని విన్నాను.

ఒప్పుకుంటే భారం దిగుతుందని మా పాస్టరుగారు ఎన్ని ఆదివారాలు చెప్పారో. కిందటి నెల ధైర్యం చేసి మాస్టారింటికి వెళ్లాను. ఒక్క గది. కిటికీ దగ్గర కుర్చీలో ఉన్నారు. నన్ను చూసి ఎంత సంబరపడ్డారో.

కూర్చుని అంతా చెప్పాను. నెలలు కలిపేయడం, ఖాళీ నెలలు వదిలేయడం, ఆ ఏడాది మూడే కాపీలు, ఆ రోజు తెలిసి తెలిసి నోరు మూసుకోవడం. చెప్తూ ఏడ్చాను. నిజం చెప్పాలంటే, ఏడుస్తుంటే హాయిగానే ఉంది.

ఆయన కుర్చీ నా వైపు తిప్పుకున్నారు.

"ఇన్నాళ్లూ కాలం కలిసిరాలేదనుకున్నానమ్మా" అన్నారు. "మంచి సరుకు చేశాం, గిరాకీ ఉంది, ఎక్కణ్ణించో పెద్దవాళ్లొచ్చి తొక్కేశారు, మనమేం చేస్తాం అని సర్దిచెప్పుకున్నా. స్కేలు చూడకుండా బొమ్మ చదవమాకండ్రా అని పిల్లల్ని బెత్తంతో కొట్టినోణ్ణి. నా గోడ మీద దాన్ని నేనే చూసుకోలా. ఇప్పుడెందుకు చెప్పావు? నన్ను అట్టాగే పోనిస్తే ఏం పోయేది?"

ఆ మనిషికి మిగిలిన ఒక్క ఓదార్పునీ నా హాయి కోసం లాక్కున్నానని అప్పటికి గాని తెలియలేదు.

లేచి నిలబడ్డాను. గుమ్మం దాటబోతుంటే వెనక నుంచి పిలిచారు.

"అమ్మాయ్, ఆ రాజీనామా ఉత్తరం నేను పోస్టు చెయ్యలా. పొద్దున్నే మనసు మారిపోయి, ఆగుదాంలే అనుకుంటా ఆఫీసుకొచ్చా. చూస్తే బల్ల మీద లేదు. సరే, దేవుడే పంపించేశాడనుకున్నా. దాన్ని పోస్టులో ఎవరేశారమ్మా?"

"నేనేనండీ" అన్నాను.